ఎవరూ చూడనప్పుడు

పిల్లలూ, మీకు ఒక చిన్న పరీక్ష పెడతాను. భయపడకండి, దీనికి మార్కులు లేవు.

మీరు బెజవాడలో ఏలూరు కాలవ గట్టున నడిచి వెళుతున్నారనుకోండి. మిట్టమధ్యాహ్నం. గట్టుమీద మరొక మనిషి లేడు. మీ కాలికి ఒక తోలు పర్సు తగిలింది. తెరిచి చూస్తే అందులో కొంత డబ్బూ, ఒక తాళంచెవీ, చిరునామా రాసిన కాగితమూ ఉన్నాయి. మీరు ఏం చేస్తారు?

"చిరునామా వెతుక్కుంటూ వెళ్ళి ఇచ్చేస్తాం, మాస్టారూ!" అని మీరందరూ ఒక్క గొంతుతో అంటారని నాకు తెలుసు. నేను ముప్ఫయి యేళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేశాను. ప్రతి సంవత్సరమూ కొత్త తరగతికి ఈ ప్రశ్న వేసేవాణ్ణి. ప్రతి సంవత్సరమూ ఇదే జవాబు వచ్చేది. అయితే నా అసలు ప్రశ్న అది కాదు. అసలు ప్రశ్న ఆ తరవాత అడిగేవాణ్ణి:

"ఎందుకు ఇస్తారు?"

అంతే, తరగతి అంతా నిశ్శబ్దమయేది. కాసేపటికి ఒక్కొక్క చెయ్యే లేచేది.

"ఇవ్వకపోతే ఎప్పటికైనా దొరికిపోతామండీ. పోలీసులు పట్టుకుంటారు," అనేవాడు ఒకడు.

"ఇస్తే ఆయన సంతోషించి ఏదైనా బహుమానం ఇస్తాడండీ," అనేవాడు ఇంకొకడు.

"అందరూ మనని మంచివాళ్ళంటారండీ. బళ్ళో పేరు వస్తుంది," అనేది ఒక అమ్మాయి.

"ఎవరూ చూడకపోయినా దేవుడు చూస్తాడు గదండీ," అనేవాడు మరొకడు.

ఒక ఏడు మాత్రం వెనక బెంచీలో, ఎన్నడూ నోరు విప్పని ఒక పిల్ల లేచి, "పాపం, ఆ తాళంచెవి పోగొట్టుకున్నాయన ఇంటికి పోయి, తలుపు తియ్యలేక బయట నిలబడి ఉంటాడండీ!" అన్నది.

నేను ఈ అయిదు జవాబులనూ నల్లబల్లమీద వరసగా రాసేవాణ్ణి. భయం, లాభం, పేరు, భక్తి, జాలి. మనిషిచేత మంచిపని చేయించేది వీటిలో ఏది? ఇది పిల్లల ప్రశ్న అనుకోకండి. పెద్ద పెద్ద పండితులు వేల సంవత్సరాలుగా దీన్ని గురించి వాదించుకుంటున్నారు. మనం మాత్రం వాదాల జోలికి పోకుండా, మనకు తెలిసిన మనుషులనూ, మన కృష్ణ నీళ్ళనూ చూసి నేర్చుకుందాం.

బెజవాడలో కృష్ణకు అడ్డంగా 1852లో ఆనకట్ట కట్టటం మొదలుపెట్టి 1855లో పూర్తిచేశారు. దాన్ని కట్టించినవాడు కెప్టెన్ ఆర్. ఆ ఆనకట్టకు 1952లో గండిపడింది. తరవాత 1957లో ఇప్పటి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కణ్ణించి కాలవలు బయలుదేరి, చీలి, మళ్ళీ చీలి, చివరకు పొలాల్లోని బోదెలుగా మారి, సుమారు 13 లక్షల ఎకరాలకు నీరు అందిస్తాయి. కాలవ మొదట ఉన్న రైతులను పైవాళ్ళంటారు. సముద్రం దగ్గరగా, చిట్టచివర ఉన్న పొలాలను శివారు భూములంటారు. నీరు తక్కువైన సంవత్సరం వంతులు పెడతారు. వంతు అయిపోగానే పైవాడు తన మడవ కట్టెయ్యాలి. కట్టకపోతే శివారు రైతుకు నీరు లేదు. కట్టాడో లేదో చూడటానికి లస్కరు ఉంటాడు. కాని ఒక్క లస్కరు రాత్రిపూట ఎన్ని మైళ్ళ గట్టు తిరగగలడు?

మా ఊరు కృష్ణ తూర్పు గట్టు కాలవ కింద, పై భాగాన ఉంది. ఆ కాలవ మా ఊరు దాటి, ఇంకా దిగువకు పోయి, పులిగడ్డ దగ్గర అక్విడక్టు మీదుగా నదిపాయను దాటి దివిసీమలో ప్రవేశిస్తుంది. నాకు పదేళ్ళప్పుడు ఒక నీటి ఎద్దడి సంవత్సరంలో, మా నాన్న అర్ధరాత్రి లాంతరు పట్టుకుని మడవ కట్టటానికి బయలుదేరాడు. నేనూ వెంట వెళ్ళాను. మా చేలో నీరు ఇంకా చాలినంత నిలవలేదు. నాన్న చెప్పులు విడిచి, బోదెలోకి దిగి, పారతో మట్టి ఎత్తి మడవ కట్టటం మొదలుపెట్టాడు.

"ఎవరూ చూడటంలేదు గదా నాన్నా! తెల్లవారేదాకా ఉంచుదాం," అన్నాను.

నాన్న మడవ కట్టటం పూర్తిచేసి, గట్టెక్కి కూర్చుని, చుట్ట ముట్టించాడు.

"ఒరే అబ్బాయ్, కుర్రతనంలో నేనూ అట్లాగే ఉంచేవాణ్ణి. లస్కరు వస్తున్నాడంటే కట్టేవాణ్ణి, అతను పోగానే తీసేవాణ్ణి. ఒక ఏడు అవనిగడ్డ అవతల ఒక పెళ్ళికి పోయాను. విడిది ఇంటి పక్కనే ఒక ముసలాయన నారుమడి. నెర్రెలు విచ్చి ఉంది. ఆయన చెరువునుంచి కావిడితో నీళ్ళు మోసుకొచ్చి పోస్తున్నాడు. ఆయన మనవరాలు, నీ అంత పిల్ల, చెంబుతో నారు మొదళ్ళకు చల్లుతున్నది. 'ఏం బాబాయ్, కాలవ రాలేదా?' అన్నాను. 'పైవాళ్ళు వదల్లేదయ్యా' అన్నాడు. ఆ పైవాణ్ణి నేనేనని ఆయనకు తెలియదు. ఆ పూట పెళ్ళిభోజనం నా గొంతు దిగలేదురా. అప్పణ్ణించీ మడవ దగ్గరికి వస్తే నాకు లస్కరు గుర్తుకు రాడు. ఆ ముసలాయనే గుర్తుకొస్తాడు."

మా నాన్న చదువుకున్నవాడు కాదు. కాని ఆ రాత్రి ఆయన చెప్పినదానికి సరిపోయే సంగతులను తరవాత శాస్త్రజ్ఞులు చాలా కష్టపడి కనిపెట్టారు. వాటిలో మూడు మీకు చెబుతాను.

మొదటిది భయాన్ని గురించి. ఇజ్రాయెల్ దేశంలో హైఫా అనే నగరం ఉన్నది. అక్కడి పసిపిల్లల బడుల్లో కొందరు తల్లిదండ్రులు సాయంత్రం పిల్లలను తీసుకుపోవటానికి ఆలస్యంగా వచ్చేవారు. పాపం, పంతులమ్మలు కాచుకుని కూర్చునేవారు. ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు పది బడులను ఎంచుకుని, వాటిలో ఆరింటిలో ఆలస్యానికి జరిమానా పెట్టించారు. ఆలస్యాలు తగ్గాయా? తగ్గలేదు సరిగదా, దాదాపు రెట్టింపు అయినాయి! ఎందుకంటే, అంతకుముందు ఆలస్యమైతే "అయ్యో, ఆవిడను కూర్చోబెట్టామే" అని సిగ్గుపడినవాళ్ళు ఇప్పుడు "డబ్బు కట్టేస్తున్నాం గదా" అనుకున్నారు. తమాషా ఏమిటంటే, జరిమానా తీసేసిన తరవాత కూడా ఆ ఆలస్యాలు తగ్గలేదు. ఒకసారి పోయిన సిగ్గు తిరిగి రాలేదు. ఈ సంగతి 2000లో ప్రకటించారు. అంటే జరిమానాలూ, శిక్షలూ వద్దని కాదు. దొంగలకు పోలీసు ఉండవలసిందే, కాలవకు లస్కరు ఉండవలసిందే. కాని భయం ఒక్కటే కాపలా అయితే, కాపలా లేని రాత్రి ఏమవుతుంది?

రెండవది లాభాన్ని గురించి. ముందు నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్పాలి. నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న ఒక బళ్ళో, పోయిన వస్తువులు దొరికితే వెయ్యటానికి ఒక పెట్టె పెట్టాను. తెచ్చి వేసినవాళ్ళకు ఒక కొత్త పెన్సిలు బహుమానం అన్నాను. వారం తిరిగేసరికి పెట్టె నిండిపోయింది! నా విద్యార్థులు ఎంత నిజాయితీపరులో అని మురిసిపోయాను. తరవాత తెలిసింది: ఒకడు కావాలని రబ్బరు "పారేసుకునేవాడు", వాడి స్నేహితుడు దాన్ని "కనిపెట్టేవాడు", వచ్చిన పెన్సిలును ఇద్దరూ చెరి సగం విరుచుకునేవారు. బహుమానం ఆపేశాను. ఆ తరవాత ఎన్నో నెలలు ఆ పెట్టెలో ఒక్క బొత్తాం కూడా పడలేదు. తప్పు పిల్లలది కాదు, నాది.

ఇది నాకు ఒక్కడికే జరిగింది కాదు. జర్మనీలోని లైప్జిగ్ నగరంలో ఇద్దరు శాస్త్రజ్ఞులు పద్ధెనిమిది నెలల పసివాళ్ళను పరీక్షించారు. పెద్దాయన బట్టలు ఆరవేస్తూ క్లిప్పును కింద పడేసుకుని అందుకోలేక అవస్థపడతాడు. ఎవరూ అడగకుండానే, ఆశపెట్టకుండానే, ఆ పసివాడు తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి క్లిప్పు తీసి ఇచ్చేవాడు. 24 మంది పసివాళ్ళలో 22 మంది ఏదో ఒక పనిలో ఈ విధంగా సహాయం చేశారు. ఇది 2006 నాటి మాట. రెండేళ్ళ తరవాత వాళ్ళే ఇంకొక పరీక్ష చేశారు. ఇరవై నెలల పిల్లల్లో, సహాయం చేసినప్పుడల్లా కొందరికి ఆడుకునే వస్తువు ఇచ్చారు. కొందరిని మెచ్చుకున్నారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. తరవాత బహుమానాలు ఆపేసి చూస్తే, వస్తువులు అందుకున్న పిల్లలే తక్కిన పిల్లలకంటె తక్కువగా సహాయం చేశారు! మంచితనపు విత్తనం మనలో పుట్టుకతోనే ఉన్నట్టున్నది. దాన్ని మనమే బేరంగా మార్చి పాడు చేస్తాం.

మూడవది మన పర్సు కథే. 2019లో కొందరు శాస్త్రజ్ఞులు తమ పరీక్ష ఫలితాలు ప్రకటించారు. 40 దేశాలలో, 355 నగరాలలో, 17,000కు పైగా పర్సులను బ్యాంకులకూ, హోటళ్ళకూ, తపాలా కచేరీలకూ తీసుకుపోయి, "ఇది వీధిలో దొరికింది, మీరు చూడండి" అని అక్కడి ఉద్యోగులకు ఇచ్చి వచ్చారు. మన దేశంలో కూడా ఈ పరీక్ష జరిగింది. కొన్ని పర్సుల్లో డబ్బు లేదు, కొన్నిటిలో ఉన్నది. ఏవి ఎక్కువగా యజమానులకు చేరే ప్రయత్నం జరిగిందో చెప్పండి చూద్దాం. "డబ్బు లేనివి" అంటారు మీరు. పండితులు కూడా సరిగ్గా ఊహించలేకపోయారు. కాని అది తప్పు! డబ్బులేని పర్సుల విషయంలో నూటికి 40 మంది యజమానికి కబురుచేస్తే, డబ్బున్న పర్సుల విషయంలో నూటికి 51 మంది చేశారు. ఇంకొక విచిత్రం: డబ్బుతోబాటు తాళంచెవి కూడా ఉన్న పర్సులు, తాళంచెవి లేనివాటికంటె ఎక్కువగా తిరిగివచ్చాయి. తాళంచెవి దొరికినవాడికి ఎందుకూ పనికిరాదు. పోగొట్టుకున్నవాడికి మాత్రం ప్రాణం. మా వెనక బెంచీ పిల్ల చెప్పింది ఇదే గదా! తలుపు బయట నిలబడ్డ మనిషి మనస్సుకు కనిపించాడు. దానికి తోడు, "ఈ డబ్బు ఉంచుకుంటే నేను దొంగనవుతానే" అన్న బాధ కూడా వాళ్ళచేత ఆ పని చేయించిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. అది ఇతరుల ముందు పేరు కాదు. తన ముందు తన పేరు.

ఇక మిగిలింది భక్తి. దేవుడు చూస్తాడన్న నమ్మకం లేకపోతే మనిషి మంచివాడుగా ఉండలేడా? ఈ ప్రశ్నను మన కృష్ణాజిల్లాలోనే ఒకాయన జీవితాంతం పట్టుకున్నాడు. ఆయన పేరు గోపరాజు రామచంద్రరావు. అందరూ గోరా అనేవారు. 1902లో పుట్టాడు. వృక్షశాస్త్రం బోధించే అధ్యాపకుడు. ఆయన నాస్తికుడు. 1940లో, భార్య సరస్వతిగారితో కలిసి ముదునూరు గ్రామంలో నాస్తిక కేంద్రం స్థాపించాడు. 1947లో అది బెజవాడ పటమటకు మారింది. దేవుడు చూస్తున్నాడు అని నోటితో అంటూనే పక్కవాణ్ణి అంటరానివాడని గడపలోకి రానివ్వకపోతే ఆ నమ్మకం ఎందుకని ఆయన అడిగేవాడు. మంచి చెడ్డలకు మనిషే బాధ్యుడు, తోటిమనిషికే జవాబుదారీ అని ఆయన వాదం. అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించేవాడు.

ఈయన 1944లో సేవాగ్రామం వెళ్ళి గాంధీగారిని కలుసుకున్నాడు. ఒకరు రామనామం విడవనివారు, ఒకరు దేవుణ్ణి ఒప్పుకోనివారు. పోట్లాడుకుని ఉంటారనుకుంటున్నారా? లేదు. గాంధీగారు ఆయన చెప్పింది ఓపికగా విన్నారు. నేను ఒప్పు, మీరు తప్పు అని తేల్చెయ్యలేదు. ఇద్దరమూ సత్యాన్ని వెతుక్కుంటున్నవాళ్ళమే అన్న భావంతో గోరాగారిని దగ్గరకు తీశారు. అంతకుముందే, 1931లో, గాంధీగారు దేవుడే సత్యం అనటానికి బదులు సత్యమే దేవుడు అనటం మొదలుపెట్టారు. గోరాగారు తన పెద్దకూతురు మనోరమను అంటరానివారనబడే కులానికి చెందిన అర్జునరావుకు ఇచ్చి పెళ్ళిచేస్తాననగా, గాంధీగారు ఆ పెళ్ళి సేవాగ్రామంలోనే జరిపించటానికి ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న ఆయన హత్య జరిగింది. అయినా ఆయన మాట పోలేదు. ఆ మార్చిలో సేవాగ్రామంలోనే ఆ పెళ్ళి జరిగింది.

చూశారా? భక్తుడూ నాస్తికుడూ వేరువేరు దారుల్లో నడిచి ఒకే గుమ్మం ముందుకు వచ్చారు. కనక భక్తి ఉన్నవాడు మంచివాడు కాకపోవచ్చు. లేనివాడు మంచివాడు కావచ్చు. భక్తిచేతనే మహా మంచివాళ్ళయినవాళ్ళూ ఉన్నారు. మీ ఇంట్లో ఏ నమ్మకం ఉన్నా సరే, దాన్ని కొలవటానికి ఒకటే కొలబద్ద: అది మిమ్మల్ని పక్కవాడి దగ్గరకు తీసుకుపోతున్నదా, దూరం చేస్తున్నదా?

ఈ పాఠం నేను పుస్తకంలో చదవలేదు, కంటితో చూశాను. 1977 నవంబరు 19, శనివారం. నాకప్పుడు పదిహేడేళ్ళు. బెజవాడలో ఇంటర్మీడియట్ చదువుతున్నాను. ఆ రోజు పెనుతుఫాను వచ్చి, సముద్రం ఉప్పెనగా దివిసీమమీద పడింది. ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయి. ప్రభుత్వం లెక్క ప్రకారమే సుమారు పదివేలమంది పోయారు. మా కాలేజీ కుర్రాళ్ళు బియ్యం, బట్టలు పోగుచేసి ఒక లారీలో బయలుదేరారు. నేనూ ఎక్కాను.

నిజం చెబుతాను. నేను జాలితో ఎక్కలేదు. స్నేహితులందరూ ఎక్కుతుంటే, ఎక్కకపోతే పిరికివాడంటారేమోనని ఎక్కాను. మూడు రోజులుండి వచ్చేద్దామనుకున్నాను.

అక్కడ బావులూ చెరువులూ ఉప్పునీళ్ళతో నిండిపోయాయి. చుట్టూ నీళ్ళే, తాగటానికి చుక్క లేదు. లారీల్లో వచ్చిన మంచినీళ్ళను బిందెలతో మోసి ఇవ్వటం మా పని. కూలిన తాటాకుల కింద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు బిందె దించాను. ఆయన ఒక్క చెంబు తాగి, "నాకు చాలు బాబూ. ఆ వెనక పాకలో బాలింత ఉంది. ఈ బిందె ఆమెకు పొయ్యి," అన్నాడు. ఆయన కుటుంబంలో మిగిలింది ఆయన ఒక్కడేనని తరవాత ఎవరో చెప్పారు.

ఆయనను ఏ భయం అడ్డుకుంది? ఏ లాభం ఊరించింది? నేను ఆ బిందె భుజాన ఎత్తుకుని వెనక పాకకు నడిచాను. ఆ క్షణంనుంచీ నా స్నేహితులు నన్ను చూస్తున్నారా లేదా అన్న సంగతే మర్చిపోయాను. మూడు రోజులకని వెళ్ళినవాణ్ణి పదిహేను రోజులు ఉండిపోయాను.

ఆ తుఫాను తరవాత దివిసీమలో పనిచేసినవారిలో రామకృష్ణ మిషన్ వారున్నారు, క్రైస్తవ సంఘాలవారున్నారు, అప్పటికి రెండేళ్ళ కిందటే గతించిన గోరాగారి నాస్తిక కేంద్రంవారూ ఉన్నారు. నీళ్ళు పోసేవాణ్ణి "నువ్వు ఎందుకు వచ్చావు?" అని దాహంతో ఉన్నవాడు అడగలేదు.

కాబట్టి, పిల్లలూ, నల్లబల్లమీది అయిదు మాటల్లో ఏది సరైనదని నన్ను అడిగితే, నేను ఒకదాన్ని ఉంచి తక్కినవి చెరిపెయ్యను. మా నాన్న లస్కరు భయంతో మొదలుపెట్టాడు. నేను పేరుకోసం లారీ ఎక్కాను. ఎక్కడ మొదలుపెట్టామన్నది సిగ్గుపడవలసిన విషయం కాదు. అక్కడే ఆగిపోతేనే చిక్కు. ఇద్దరమూ ముందుకు వెళ్ళింది ఎలాగ? కళ్ళతో చూసి. మా నాన్న నెర్రెలు విచ్చిన నారుమడిని చూశాడు. నేను చెంబుతో సరిపెట్టుకున్న మనిషిని చూశాను. మనం చేసే ప్రతి పనికీ ఒక శివారు ఉంటుంది. మనం తెరిచి వదిలేసిన కొళాయికీ, తెచ్చుకుని తిరిగి ఇవ్వని పుస్తకానికీ, బడి గోడమీద రాసిన రాతకూ చివర ఎవరో ఒకరు ఉంటారు. ఒక్కసారి అక్కడిదాకా వెళ్ళి చూసి రండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పిల్లవాడు మంచిపని చేస్తే వెంటనే రూపాయి చేతిలో పెట్టకండి. తప్పు చేస్తే "పోలీసు వస్తాడు" అని బెదిరించి ఊరుకోకండి. "నువ్వు ఇలా చేస్తే అవతలివాళ్ళకు ఎలా ఉంటుంది?" అని అడిగి, వాళ్ళు జవాబు చెప్పేదాకా ఓపికపట్టండి. ఆ జవాబు ఆలస్యంగా వచ్చినా, వచ్చిన తరవాత పోదు.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లో అందరినీ పర్సు ప్రశ్న అడగండి. "ఇస్తావా?" అని కాదు; "ఎందుకు ఇస్తావు?" అని. తాతయ్యతో మొదలుపెట్టండి. ఆయన తన కాలంనాటి మడవ కథ ఒకటి చెప్పకపోతే అప్పుడు నన్ను అడగండి.